వ్రేలి ఒత్తిడి – వాద్యనాదము – చేతిఫోను

ఒకనాటి మధ్యాహ్నము ప్రయోగములు ముగిసి విద్యార్థులందరు వెళ్ళిపోయిన తరువాత, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుచున్న బాలుడొకడు మా భౌతికశాస్త్ర ప్రయోగశాల బల్లపై తన చేతిఫోను నుంచుకొని తబలా వాయించుచున్నాడు. తెరమీద తబలా జత బొమ్మ. వ్రేళ్ళు చురుకుగా ఆడుచున్నవి. తాళము తప్పుట లేదు. చెవిలోని తీగ తీసి నాకును వినిపించినాడు. కొంతసేపు విని మెచ్చుకొన్నాను. కాని వాని ముఖమున సంతోషము కనబడలేదు.

"సార్, నిన్న మా ఉస్తాద్ గారు నా చేయి చూసి, 'బేటా, నీ వ్రేళ్ళు మేలుకున్నాయి గాని అరచేయి నిద్రపోతున్నది' అన్నారు. ఆరు నెలలుగా దీనిమీదనే సాధన చేస్తున్నాను. ఇందులో ఘే మూలగదు సార్. ఎంత నొక్కినా ఒక్కటే ధ్వని. ఎందుకు?" అని అడిగినాడు.

వాని ఇల్లు చార్మినారు వెనుక సందులలోని రెండు గదుల ఇల్లు. తబలా జత కొనుటకు స్తోమత లేదు. కొన్నను, పసిబిడ్డ నిదురించు ఇంటిలో రాత్రివేళ వాయించుటకు వీలు లేదు. చేతిఫోను, చెవి తీగ, ఈ రెండే వాని సాధనశాల. కావున వాని ప్రశ్న కాలక్షేపపు ప్రశ్న కాదు. ఆరు నెలల శ్రమ ఏమైనదని అడుగుచున్న ప్రశ్న. ఆనాడు నేను చెప్పిన సమాధానమును కొంత విస్తరించి విద్యార్థుల యెదుటను, కళాశాల కమిటీ పెద్దల యెదుటను ఉంచుచున్నాను.

నొక్కుటలో దాగిన స్వరము

ఒత్తిడిని కొలుచు జ్ఞానము మనుష్యుని చేతిలోనే కలదనుటకు సంగీతము వరకు పోనక్కరలేదు. చార్మినారు నుండి పడమరగా నాలుగడుగులు వేసి లాడ్ బజారులో లక్క గాజులు చేయువారిని చూడుడు. వేడికి మెత్తబడిన లక్కలో చిన్న చిన్న రాళ్ళను ఒక్కొక్కటిగా ఒత్తి పొదుగుదురు. ఒత్తిడి తగ్గినచో రాయి ఊడిపోవును. హెచ్చినచో లక్కలో మునిగిపోవును. త్రాసు లేదు, కొలబద్ద లేదు, వ్రేలే కొలబద్ద. ఈ హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది.

సంగీతమునందును ఈ జ్ఞానమే పని చేయుచున్నది. తబలా జతలో ఎడమచేతి వాద్యమును డగ్గా అనియు, బాయాఁ అనియు అందురు. వ్రేళ్ళు చర్మము మీద కొట్టిన మరుక్షణముననే అరచేతి మడమ చర్మమును నొక్కుచు ముందుకు జరుగును. చర్మము బిగిసిన కొలది ధ్వని స్థాయి పైకి పోవును. సడలిన కొలది దిగును. పావురము కూసినట్లు వినిపించు ఆ గుంజాటన అంతయు ఈ నొక్కుట వలననే పుట్టుచున్నది. హైదరాబాదు ఆకాశవాణిలో చిరకాలము పనిచేసిన ఉస్తాద్ షేక్ దావూద్ ఖాన్ వంటి విద్వాంసుల తబలా విన్నవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. దెబ్బ వేయునది వ్రేలు; పలికించునది అరచేయి.

వీణను తీసికొందము. మెట్టుపై తంత్రిని నొక్కి ప్రక్కకు లాగినపుడు దాని బిగువు, అనగా తన్యత, హెచ్చును. తంత్రి పౌనఃపున్యము తన్యత యొక్క వర్గమూలమునకు అనులోమానుపాతములో ఉండునని మనము ఇంటర్మీడియట్ తరగతులలో చదువుకొన్నాము. ఈ సూత్రము ప్రకారము స్వరము ఒక్క అర మెట్టు, అనగా షడ్జము నుండి శుద్ధ రిషభము వరకు, ఎక్కవలెనన్నచో తన్యత సుమారు 12 శాతము పెరుగవలెను. చతుశ్రుతి రిషభము వరకు ఎక్కవలెనన్నచో సుమారు 26 శాతము పెరుగవలెను. వైణికుని వ్రేలు ఈ లెక్కను క్షణములో చేయుచున్నది. మన గమకము, హిందూస్తానీ వారి మీండ్, ఈ లెక్క యొక్క ఫలితములే.

ఇక్కడ ఒక భేదమును గుర్తుంచుకొనవలెను. వాద్యమును తాకు చేయి రెండు విధములైన వార్తలను పంపుచున్నది. మొదటిది తాకిడి: ఎంత గట్టిగా కొట్టినాము అనునది. రెండవది నొక్కుడు: కొట్టిన తరువాత ఎంత ఒత్తిడిని నిలిపియుంచినాము, దానినెట్లు మార్చినాము అనునది. ఇటలీ దేశమున 1700 ప్రాంతములో బార్తొలొమియో క్రిస్టోఫొరీ నిర్మించిన పియానోకు తాకిడి తెలియును. మీటను మెల్లగా తాకిన మెల్లగా, గట్టిగా తాకిన గట్టిగా పలుకును. కాని సుత్తి తంత్రిని కొట్టి వెనుకకు వచ్చిన తరువాత మీటను ఎంత నొక్కినను స్వరము మారదు. అంతకంటె పాతదైన క్లావికార్డ్ అను వాద్యములో మీట చివరనున్న లోహపు బిళ్ళ తంత్రిని అంటియే యుండును. కావున నొక్కి వదలుచు స్వరమును కంపింపజేయవచ్చును. అనగా నొక్కుడు తెలిసిన వాద్యము యూరపులోను ఉండెడిది.

హార్మోనియము మాటేమి? దాని మీటకు తాకిడియు తెలియదు, నొక్కుడును తెలియదు. తెరువబడుట, మూయబడుట, రెండే దాని పనులు. ధ్వని పెంపు తగ్గింపులు తిత్తి చేతిలో ఉన్నవి. స్వరము నుండి స్వరమునకు జారుట దానికి చేతకాదు. ఈ లోపమును ఎత్తిచూపియే ఆకాశవాణి 1940లో హార్మోనియమును నిషేధించినది. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు. అయినను పద్మశ్రీ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ వంటి హైదరాబాదు ఖవ్వాలుల గోష్ఠులలో హార్మోనియము తన స్థానమును పోగొట్టుకొనలేదు. జారవలసినచోట గొంతు జారును. నిలువవలసినచోట హార్మోనియము నిలుపును. ఒక వాద్యమునకు రాని పనిని మరియొకటి పూరించుట సంగీతములో తప్పు కాదు. కాని ఏది రాదో ఎరిగి యుండవలెను. ఈ ఎరుకయే మన ప్రశ్నకు ద్వారము.

గాజు తెరకు ఏమి తెలియును?

నేటి చేతిఫోను తెరపై గాజు పలక క్రింద కంటికి కనబడని పారదర్శక వాహక రేఖలు అడ్డముగను నిలువుగను పరచబడి యుండును. సాధారణముగా అవి ఇండియము టిన్ ఆక్సైడుతో చేయబడినవి. రేఖలు కలియు ప్రతి చోటును ఒక చిన్న కెపాసిటరుగా భావింపవచ్చును. మన శరీరము విద్యుద్వాహకము. వ్రేలు సమీపించినంతనే అచటి కెపాసిటెన్సు మారును. ఆ మార్పు ఎచ్చట కలిగినదో లెక్కించి ఫోను వ్రేలి స్థానమును తెలిసికొనును.

ఇందులో బలమునకు తావు లేదు. ఈగ వాలినంత మృదువుగా వ్రేలిని ఆనించినను చాలును. గోటి కొనతో ఎంత గట్టిగా పొడిచినను, ఉన్ని తొడుగుతో ఎంత నొక్కినను ఫలితము లేకుండుట ఇందుచేతనే. 2007లో ఐఫోను వచ్చిన నాటి నుండి ఈ రకపు తెరలు లోకమంతట వ్యాపించినవి. అంతకు ముందు కొన్ని యంత్రములలో రెండు పొరలు ఒకదానినొకటి తాకువరకు నొక్కవలసిన తెరలు ఉండెడివి. వానికి నొక్కుట అవసరమే గాని, ఎంత నొక్కినామో కొలుచు పని అవియు చేయలేదు.

కావున గాజు తెరకు మూడు సంగతులు తెలియును: వ్రేలు ఎచ్చట ఉన్నది, ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయినది, ఎన్ని వ్రేళ్ళు ఉన్నవి. నాలుగవ సంగతి, ఎంత ఒత్తిడితో ఉన్నది, దానికి తెలియదు. మన విద్యార్థి ఆరు నెలలు నొక్కిన నొక్కుడంతయు గాజుకు చేరినది గాని లెక్కకు చేరలేదు. చేతిఫోను తబలా ఒక విధముగా తిత్తి లేని హార్మోనియము.

నాలుగు చుట్టుదారులు

ఈ లోపమును పూరించుటకు శిల్పులు అనేక ఉపాయములు పన్నినారు. వానిలో నాలుగు ముఖ్యమైనవి.

మొదటిది, వ్రేలి ముద్ర వైశాల్యము. గట్టిగా నొక్కినపుడు వ్రేలి కొన చదునై ఎక్కువ స్థలమును ఆక్రమించును. చాలా ఆండ్రాయిడ్ ఫోనులలో ఒత్తిడి అను పేరుతో అప్లికేషనుకు అందు అంకె నిజమునకు ఈ వైశాల్యము నుండి ఊహించినదే. కాని పెద్దవాని బొటనవ్రేలు మెల్లగా ఆనినను ఎక్కువ స్థలమును కప్పును. బాలిక చిటికెన వ్రేలు ఎంత నొక్కినను తక్కువ స్థలమునే కప్పును. వ్రేలిని వాల్చి పెట్టినను వైశాల్యము పెరుగును. కనుక ఇది కొలత కాదు, అంచనా.

రెండవది, ఫోను యొక్క కుదుపు. ప్రతి చేతిఫోనులోను త్వరణమును కొలుచు చిన్న సాధనము, యాక్సెలరోమీటరు, కలదు. తెరను కొట్టినపుడు ఫోను మొత్తము లేశమాత్రము అదరును. ఆ అదురును బట్టి దెబ్బ బలమును లెక్కింపవచ్చును. 2011లో ఐప్యాడు కొరకు వెలువడిన గరాజ్‌బ్యాండ్ ఈ ఉపాయముతోనే తాకిడిని గుర్తించినది. ఇది చక్కని యుక్తి. అయితే రెండు వ్రేళ్ళు ఒకేసారి పడినచో ఏ వ్రేలి బలము ఎంతయో విడదీయుట కష్టము. రాతి బల్లమీద ఒక విధముగను, పరుపుమీద మరియొక విధముగను ఫోను అదరును. అన్నిటికంటె ముఖ్యముగా, ఇది తాకిడిని మాత్రమే చెప్పగలదు. వ్రేలు నిలిచిన తరువాత ఫోను కదలదు. కదలని దానిలో త్వరణము లేదు. నొక్కుడు ఇచ్చటను అందలేదు.

మూడవది, ఊపిరి. అమెరికాలో స్మ్యూల్ సంస్థ 2008లో విడుదల చేసిన ఒకరీనా అను అప్లికేషనులో ఫోను మైకులోనికి ఊదుచు, తెరమీది నాలుగు రంధ్రములను వ్రేళ్ళతో మూయుచు వాయించుదురు. ఊదుడు బలమును మైకు గ్రహించును. వ్రేలికి రాని పనిని ఊపిరికి అప్పగించుట, అనగా ఫోనుకు తిత్తి అమర్చుట.

నాలుగవది, వ్రేలి కదలిక. నొక్కుటకు బదులుగా వ్రేలిని తెరమీద జరిపి స్వరమును వంచుట. 2015లో వచ్చిన జియోష్రెడ్ ఈ మార్గమును చక్కగా ఉపయోగించుకొన్నది. మహేశ్ రాఘవన్ వంటి కళాకారులు ఐప్యాడుపై దీనితో కర్ణాటక సంగీత కృతులను గమకములతో వాయించుచున్నారు. గాజుకు స్థానము చక్కగా తెలియును గనుక, గమకమును స్థానభాషలోనికి మార్చినారు. వీణకు అలవడిన చేతికి ఇది దగ్గరి మార్గమే, ఏలయన వైణికుడును తంత్రిని ప్రక్కకే లాగును. కాని డగ్గాపై అరచేతి బరువునకు ఈ మార్గము సరిపడదు.

వచ్చి, పోయిన ఇంద్రియము

ఒత్తిడిని నిజముగా కొలుచు ఫోను రాలేదా యని విద్యార్థులు అడుగవచ్చును. వచ్చినది. 2015 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ ఐఫోను 6ఎస్‌లో 3డి టచ్ అను ఏర్పాటును ప్రవేశపెట్టినది. దాని సూత్రము మన పాఠ్యపుస్తకములోనిదే. సమాంతర పలకల కెపాసిటరు యొక్క కెపాసిటెన్సు పలకల నడుమ దూరమునకు విలోమానుపాతములో ఉండును. తెర వెనుక దీపపు పొరలో కెపాసిటరు పలకలను అమర్చినారు. వ్రేలు నొక్కినపుడు పై గాజు కంటికి కనబడనంతగా వంగును, గాజునకు పలకలకు నడుమ దూరము తగ్గును, కెపాసిటెన్సు పెరుగును. ఆ పెరుగుదలయే ఒత్తిడి కొలత. ఎనభై ఏండ్ల క్రింద కెనడా శాస్త్రజ్ఞుడు హ్యూ లె కేన్ 1945-48 నడుమ నిర్మించిన ఎలక్ట్రానిక్ సాక్‌బట్ అను వాద్యములో మీటను నొక్కిన కొలది ధ్వని పెరుగునట్లు, ప్రక్కకు త్రోసిన కొలది స్వరము వంగునట్లు చేసినాడు. ఆ కల ఇప్పుడు జేబులో పట్టునంత చిన్నదైనది.

వాద్యములు చేయువారు ఈ ఏర్పాటును సంతోషముతో స్వాగతించినారు. మెత్తని రబ్బరు మీటలతో సీబోర్డ్ అను వాద్యమును చేసిన లండనులోని రోలీ సంస్థ, తన నాయిస్ అను అప్లికేషనులో ఐఫోను తెరనే ఒత్తిడి ఎరిగిన వాద్యఫలకముగా మార్చినది. కాని ఆపిల్ సంస్థ ఐప్యాడులలో ఈ ఏర్పాటును ఎన్నడును పెట్టలేదు. 2019లో వచ్చిన ఐఫోను 11 నుండి దానిని తొలగించి, ఎక్కువసేపు నొక్కి పట్టుట అను పద్ధతిని బదులుగా ఉంచినది. ఎంతసేపు పట్టితివి అనునది కాలమునకు సంబంధించిన ప్రశ్న. ఎంత నొక్కితివి అనునది బలమునకు సంబంధించిన ప్రశ్న. రెండును ఒకటి కావు.

ఇందులో మనము నేర్చుకొనవలసినది కలదు. ఒక అదనపు పొరకు అదనపు వ్యయము, మందము, బరువు ఉండును. ఫోను కొనువారిలో దానితో వాద్యము వాయించువారు అత్యల్పులు. అంగడి ఇచ్చిన ఇంద్రియమును అంగడియే తీసికొన్నది. ఆ నాలుగేండ్లలో దానిపై చేయి సాధించినవాడు పాత ఫోను పగిలిన దినమున ఏమి చేయవలెను? కళను ఇతరుల దయపై నిలిపినవాని స్థితి ఇట్లే ఉండును.

అయితే ఈ ప్రయత్నములలో నిలిచిపోయినదియు ఒకటి కలదు. విద్యుద్వాద్యములు పరస్పరము మాటలాడుకొనుటకు 1983లో ఏర్పడిన మిడి అను భాషలో ఒత్తిడికి మొదటి నుండియు చోటున్నది. సున్న మొదలు 127 వరకు, అనగా 128 మెట్లలో, తాకిడిని గాని నొక్కుడును గాని చెప్పవచ్చును. కాని ఒక మార్గములో పలుకు స్వరములన్నియు ఒక్కసారిగా వంగెడివి. ఒక్క వ్రేలి స్వరమును మాత్రము వంచుటకు వీలు లేకుండెను. 2018 జనవరిలో ఎంపీఈ అను నియమావళి ఆమోదింపబడినది. దాని ప్రకారము ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క ప్రత్యేక మార్గమును కేటాయింతురు. ఇప్పుడు ప్రతి వ్రేలును తన ఒత్తిడిని, తన వంపును తానే చెప్పుకొనగలదు. గాజు తెరకు ఒత్తిడి తెలియకున్నను, బయటి నుండి ఎవరైనను చెప్పినచో ఫోను వినగలదు. ఇదియే మాకు దారి చూపినది.

ఆలస్యము అను మరియొక చిక్కు

ముందుగా ఇంకొక విషయము చెప్పవలెను. కొట్టిన క్షణమునకు, ధ్వని వినబడిన క్షణమునకు నడుమ ఆలస్యము పెరిగినచో చేయి చెడును. తెరను సెకనుకు 60 సార్లు పరీక్షించు ఫోను రెండు పరీక్షల నడుమ దాదాపు 17 మిల్లీసెకనులు తీసికొనును. 120 సార్లు పరీక్షించునది 8 మిల్లీసెకనులకు పైగా తీసికొనును. ధ్వనిని తయారుచేయుటకు మరికొంత కాలము పట్టును. ధ్వని వేగము సెకనుకు సుమారు 343 మీటర్లు గనుక, 10 మిల్లీసెకనుల ఆలస్యము తబలాను మూడున్నర మీటర్ల దూరమున ఉంచి వాయించినట్లగును. చార్మినారు ఒక్కొక్క ముఖము సుమారు 20 మీటర్లు. ఆలస్యము 60 మిల్లీసెకనులైనచో ఒక మీనారు చెంత చేయి, ప్రక్క మీనారు చెంత ధ్వని అన్నమాట. తీగ లేని చెవి యంత్రములలో ఆలస్యము ఇంతకంటెను మించుట సామాన్యము. కావున సాధన చేయు విద్యార్థులు తీగ ఉన్న వానినే వాడుట మేలు.

మా బల్లమీది ప్రయత్నము

సమాధానము చెప్పి ఊరకుండక, ఆ విద్యార్థియు వాని సహాధ్యాయులిద్దరును నేనును కలిసి ఒక చిన్న ప్రయత్నము చేసినాము. దీనికి ఆధారము, నొక్కిన కొలది విద్యున్నిరోధము తగ్గు పలుచని రేకు. ఫ్రాంక్లిన్ ఈవెన్‌టాఫ్ అను అమెరికను 1977లో కనిపెట్టిన ఈ బల సంవేదక నిరోధకము నేడు కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్ సామానుల అంగళ్ళలో వెదకినచో దొరకును. ముట్టుకొననపుడు దాని నిరోధము పది లక్షల ఓములను మించును. గట్టిగా నొక్కినపుడు కొన్ని వేల ఓములకు దిగును.

ఈ రేకును 10 వేల ఓముల స్థిర నిరోధముతో శ్రేణిలో కలిపి 5 వోల్టుల విద్యుత్తు నిచ్చినాము. స్థిర నిరోధము కొనలయందలి వోల్టేజిని మైక్రోకంట్రోలరు పలక చదివి సున్న మొదలు 1023 వరకు అంకెగా మార్చును. రేకు నిరోధము 30 వేల ఓములున్నపుడు స్థిర నిరోధముపై 1.25 వోల్టులు పడును, అంకె 256. అది 10 వేల ఓములకు దిగినపుడు 2.5 వోల్టులు, అంకె 512. ఈ అంకెను 8చే భాగించినచో మిడి భాష కోరిన 128 మెట్లలోనికి వచ్చును: మొదటిది 32, రెండవది 64. ఈ అంకెను యూఎస్‌బీ తీగ ద్వారా ఫోనుకు పంపినాము. ఆండ్రాయిడ్ ఫోనులు 2015 నాటి 6.0 సంచిక నుండి మిడి భాషను గ్రహించుచున్నవి. ఫోనులో మిడి ఒత్తిడిని వినగల అప్లికేషను ఉండవలెను. తబలా బొమ్మలు చూపు ప్రతి అప్లికేషనును దీనిని వినదు.

చెక్కపలకపై రేకును అంటించి, దానిపై సైకిలు ట్యూబు ముక్కను పరచి, అరచేతి మడమ ఆనుటకు అనువుగా అమర్చినాము. మొదటిసారి ఘే మూలిగినపుడు ముగ్గురు విద్యార్థులును ఒక్కసారిగా నవ్వినారు.

లోపములు వెంటనే కనబడినవి. అరచేతిని కదల్చక నొక్కి ఉంచినను అంకె మెల్లమెల్లగా జారుచున్నది. నొక్కునపుడు ఒక దారిన ఎక్కి, వదలునపుడు మరియొక దారిన దిగుచున్నది. మెల్లని ఒత్తిడికి అంకె త్వరగా పెరిగి, గట్టి ఒత్తిడికి మందగించుచున్నది. ఈ రకపు రేకులకు ఇవి సహజ గుణములే. త్రాసుగా పనికిరాని ఈ రేకు వాద్యమునకు కొంతవరకు పనికివచ్చును, ఏలయన చెవి విని చేయి సర్దుకొనును. బలమునకును పీడనమునకును గల భేదము కూడ మా విద్యార్థులకు ఇచ్చట బోధపడినది. పీడనమనగా వైశాల్యముచే భాగింపబడిన బలము. అరచేతిని వెడల్పుగా ఆనించినపుడును, మడమ అంచును మాత్రమే ఆనించినపుడును ఒకే బలమునకు అంకెలు వేరుగా వచ్చుట వారే గమనించి వ్రాసికొన్నారు.

ఏది చేయి, ఏది ఊతకర్ర?

విదేశీ వాద్యములను మన సంగీతము ఊరక స్వీకరింపలేదు. తనకు తగినట్లు మార్చుకొన్నది. వాయులీనమును క్రింద కూర్చుండి పట్టుకొని వాయించుట నేర్చుకొన్నది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది తెలుగు వాద్యమైనది. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, జంట తీగల మాండలినును విడిచి అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండలినును చేపట్టి, దానిపై గమకములను పలికించినాడు. గమకము పలుకదని గమకమును మానలేదు, వాద్యమునే మార్చినాడు. చేతిఫోను విషయములోను మన వైఖరి ఇట్లే ఉండవలెను. ఫోనుకు ఒత్తిడి తెలియదు గనుక ఒత్తిడి అక్కరలేదని చేతికి నేర్పరాదు.

విద్యార్థులకు నా సలహా ఇది. ఫోనును తాళము పట్టుటకు, శ్రుతి వినుటకు, బోలులను కంఠస్థము చేయుటకు నిశ్చింతగా వాడుకొనుడు. అది దానికి తెలిసిన పని. అరచేతి పనికి మాత్రము ఏదో ఒక నొక్కుడు పలకను చేర్చుకొనుడు. వారమునకు కొన్ని గంటలైనను నిజమైన చర్మముపై చేయి వేయుడు. చర్మము చేతిని ఎదురు తన్నును. ఆ ఎదురు తాకిడిని గాజు గాని, రబ్బరు గాని ఇవ్వలేదు.

కమిటీ పెద్దలకు నా విన్నపము కూడ చిన్నదే. మన కళాశాలలో తబలా జత ఒకటి, హార్మోనియము ఒకటి కొని, తరగతులు ముగిసిన తరువాత విద్యార్థులకు అందుబాటులో ఒక గదియందు ఉంచవలెనని కోరుచున్నాను. ప్రయోగశాలకు ఇట్టి సంవేదక రేకులు మరికొన్ని సమకూర్చినచో భౌతికశాస్త్ర విద్యార్థులకు తన్యత, కెపాసిటెన్సు, నిరోధము అను మూడు పాఠములు చేతికి తగులును. ఇంటిలో చోటు లేని పిల్లలకు కళాశాల చోటు చూపవలసియున్నది.

మా నొక్కుడు పలకపై రెండు నెలలు సాధన చేసి ఆ బాలుడు మరల ఉస్తాద్ గారి వద్దకు వెళ్ళినాడు. ఆయన డగ్గా ముందుంచి వాయించుమన్నారట. విని, కొంతసేపు మౌనముగా నుండి, "మేలుకోలేదు గాని, బేటా, కండ్లు నులుముకుంటున్నది" అన్నారట. వాడు ఆ మాటను నాకు చెప్పి, రేకు జారుడును సరిచేయు మార్గమేదైన ఉన్నదా సార్ అని అడుగుచు మరల బల్ల ముందు కూర్చున్నాడు.